పై మడుగు

వాణి మడుగులో ఇంకా నీళ్ళున్నాయని అమరావతికి ఎవరూ చెప్పక్కరలేదు. కొంగలు చెప్పేవి. పొద్దున్నే పాలచెంబు పట్టుకుని దొడ్లో నిలబడితే అవి కొండ వైపు నుంచి తెల్లగా దిగి వచ్చేవి. తన మడుగు మీదుగా ఒక్క చుట్టైనా తిరక్కుండా ఇసుక దిబ్బ దాటి, అవతల తోడికోడలి మడుగు గట్టున వాలేవి. పోయిన ఏడు దాకా ఇవే కొంగలు తన గట్టున ఒంటికాలి మీద నిలబడి నిద్రపోయేవి. విశ్వాసం లేని జాతి అనుకుని, ఆ కోపం ఆవు పొదుగు మీద చూపించేది. ఆవు తన్నేది.

చౌడేపల్లె దాటి కొండల్లోకి పోయే మట్టిదారికి చివరి ఊరు దిబ్బలపల్లె. ఒకప్పుడు ఎర్రవంక ఈ ఊరిని ఆనుకునే పారేదట. తాతల కాలంలో ఒక పెద్ద వరదకి అది తోవ మార్చుకుని అవతలి లోయలోకి పోయింది. పోతూ పోతూ మోసుకొచ్చిన ఇసుకంతా ఇక్కడ దించేసింది. వరద పోసింది కొంత, గాలి పోగేసింది కొంత. కొండ మొదటి నుంచి కింది చెరువు దాకా, ఆవుల మంద పడుకున్నట్టు ఇసుక దిబ్బలు. దిబ్బకీ దిబ్బకీ మధ్య పల్లం, పల్లంలో మడుగు. ఆ మడుగుల్లోకి వచ్చే కాలువ లేదు, బయటికి పోయే కాలువా లేదు. ఎంత వాన పడినా దిబ్బ మీద నీళ్ళు పారవు. పడింది పడినట్టే ఇసుక తాగేస్తుంది. తాగింది లోపల దాచుకుని, ఎండలు ముదిరాక పల్లాల్లోకి కొంచెం కొంచెంగా వదులుతుంది. చెరువు అడుగు పగుళ్ళిచ్చి అందులో పిల్లలు క్రికెట్ ఆడే రోజుల్లో కూడా మడుగుల్లో మోకాటి లోతు నీళ్ళుండేవి.

మడుగులు మెట్ల మాదిరి ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అన్నిటికంటే పైది అమరావతిది. ఒక్క దిబ్బ అవతల, కొంచెం దిగువన వాణిది. దానికీ దిగువన వరలక్ష్మిది. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు పెద్దవాడు రవిశంకర్‌కి పై మడుగు, చిన్నవాడు దామోదర్‌కి కింది మడుగు వచ్చాయి. వరలక్ష్మి వాళ్ళు వేరే ఇంటివాళ్ళు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ అత్త తిమ్మక్క కాలం నుంచి సరిగా మాటల్లేవు.

పై మడుగు ఉన్న ఇంటికి ఒక మర్యాద ఉంది. వైశాఖంలో గంగ జాతర నాడు అమ్మవారికి మొదటి బిందె నీళ్ళు దిబ్బల్లో నుంచే పోవాలి. పై నుంచి దిగుతూ వస్తే ఏ మడుగులో మొదట నీళ్ళు కనబడతాయో ఆ ఇంటి కోడలు ఆ బిందె మోయాలి. పసుపు చీర కట్టి, పలకల మోత మధ్య ఆమె నడుస్తుంటే ఊరంతా ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోసి దండం పెడుతుంది. ముసలివాళ్ళు కూడా పెడతారు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి తిమ్మక్క మోస్తుంటే చూసింది అమరావతి. తిమ్మక్క పోయాక తనే మోసింది. ఏడాదంతా పేడ ఎత్తీ పాలు పిండీ అరిగిపోయిన మనిషికి ఆ ఒక్క పూట ఊళ్ళో తన తల కంటే ఎత్తైన తల ఉండేది కాదు. ఆ పూట కోసమే ఆమె మిగతా ఏడాదంతా నడిచేది అన్నా తప్పు లేదు.

వాణి కుప్పం వైపు పిల్ల. మాటల్లో అరవం కొంత, కన్నడం కొంత కలిపి నవ్వుతూ మాట్లాడేది. అమరావతికి ఆ నవ్వే పడదు. వాణి ఆవు పాలకి పాలకేంద్రంలో వెన్న ఎక్కువ పడేది. వాణి తోటలో టమాటా కాసిందంటే మదనపల్లె మార్కెట్లో ధర ఉన్న రోజే కోతకి వచ్చేది. ఇవన్నీ అమరావతి ఓర్చుకుంది. మడుగు విషయంలో మాత్రం తనకి పోటీ లేదనుకుంది. వాణి మడుగు చూస్తే ఎవరికైనా వాంతి వచ్చేది. ఆవుల్నీ దూడల్నీ విచ్చలవిడిగా అందులోకి తోలేది. అవి మధ్యాహ్నమంతా పొట్టల దాకా దిగబడి, అక్కడే పేడ వేసి, తొక్కీ తొక్కీ అడుగంతా నల్లటి రొచ్చు చేసేవి. అమరావతి తన మడుగు చుట్టూ ముళ్ళకంచె వేయించింది. గొడ్డు కాలు పడనిచ్చేది కాదు.

పోయిన జాతరకి ముందు ఎవరో అన్నారు, రెండు మడుగులూ చూసొచ్చి, ఈసారి వాణిదే లోతు అని. ఎవరన్నారో కూడా అమరావతికి గుర్తు లేదు. మాట మాత్రం నెత్తిలో దిగిన మేకులా ఉండిపోయింది. ఆ చలికాలం మొగుణ్ణి సతాయించి మదనపల్లె నుంచి జేసీబీ రప్పించింది. మడుగు అడుగున తరాల నుంచి పేరుకున్న నల్లటి జిగటమన్నంతా తోడించింది. మన్ను ఎత్తేకొద్దీ కింద తెల్లటి ఇసుక బయటపడింది. మన్ను టమాటా తోటకి తోలించారు. నీళ్ళు తేరుకున్నాక అడుగున పడిన రూపాయి బిళ్ళ కూడా కనబడేంత తేటగా ఉంది మడుగు. ఊరి ఆడవాళ్ళు చూడటానికి వచ్చారు. వాణి కూడా వచ్చి, అద్దం మాదిరి ఉందక్కా అంది. ఆ రోజు అమరావతి రెండు ముద్దలు ఎక్కువ తింది.

మాఘం పోకముందే మడుగు తగ్గడం మొదలుపెట్టింది. ఎండలేం ముదరలేదు. అయినా గట్టున తడి గీత వారానికొక మెట్టు దిగింది. శివరాత్రికి మోకాటి లోతు, ఉగాదికి మడమ లోతు. ఆ తరవాత ఒక పొద్దున చూస్తే తెల్లటి ఇసుక మీద కొంగల పాత అడుగుజాడలు తప్ప ఏమీ లేదు. దిబ్బ అవతల వాణి మడుగు మాత్రం పచ్చటి నాచు వేసుకుని, బద్ధకంగా, నిండుగా పడి ఉంది.

వాణి ఏదో చేసిందన్న అనుమానం అమరావతిని పట్టుకుంది. మధ్యాహ్నాలు అందరూ కునుకు తీసే వేళ ఆమె దిబ్బ చుట్టూ కర్రతో గుచ్చుకుంటూ తిరిగింది. గొట్టం ఏమైనా పాతారేమోనని, ఎక్కడైనా మోటారు చప్పుడు వినబడుతుందేమోనని ఇసుకకి చెవి ఆనించి వింది. ఏమీ దొరకలేదు. మొగుడితో చెప్తే, ఎండలకి ఎండిందిలే, దానికీ వాణికీ ఏం సంబంధమని విసుక్కున్నాడు. తమ్ముడి పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నాడని రెండు రోజులు అతనికి మాట లేకుండా అన్నం పెట్టింది.

అన్నిటికంటే మండింది ఇంకో సంగతికి. వాణి ఒక సాయంత్రం వాకిట్లోకి వచ్చి, "అక్కా, మా మడుగులో ముంచుకోరాదా, గొడ్లకి యాల అంత దూరం నుంచి మోసకస్తాండావు" అంది. నిజంగానే అంది, వంకర లేకుండా. వాణి పొమ్మనుంటే అమరావతి తట్టుకునేది. రమ్మనడం తట్టుకోలేకపోయింది. ఆ మర్నాటి నుంచి ఊరి చివర కొళాయి దగ్గరికి ఇంకా పొద్దున్నే పోయి, ఇంకా రెండు బిందెలు ఎక్కువ మోసింది.

జాతరకి ముందు పూజారి లింగప్ప ఆనవాయితీ ప్రకారం మడుగులు చూడటానికి దిబ్బలెక్కాడు. పై మడుగు గట్టున కాసేపు నిలబడి, తల గోక్కుని, కిందికి దిగాడు. వాణి మడుగులో చెయ్యి ముంచి నెత్తిన చల్లుకున్నాడు. ఊళ్ళో ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది. జాతర పొద్దున ఇంకొక్కసారి చూస్తారు. అప్పటికి పై మడుగులో నీళ్ళుంటే బిందె అమరావతిది, లేకపోతే వాణిది. మానం కాపాడుకోవడానికి వాన పడాలి. వైశాఖంలో ఆ పక్క వాన పడదు.

జాతరకి ముందు రెండు రోజులు సదుంలో ఒక పెద్ద పెళ్ళి. ఊళ్ళో సగం మంది ఆటోలెక్కి పోయారు. రవిశంకర్ పోయాడు, వాణి మొగుడూ పోయాడు. వాణి ఆవు ఈనేట్టుందని ఇంటి పట్టునే ఉండిపోయింది. ఆమె ఇల్లు ఊరి అవతలి కొసన. అమరావతి తల నొప్పని చెప్పి ఉండిపోయి, పుంగనూరు రోడ్డులో నీళ్ళు తోలే ట్యాంకరుకి ఫోన్ చేసింది. డ్రైవరు శంకరప్ప బండిని దిబ్బల వెనక దారిలో తెచ్చి పై మడుగు గట్టున పెట్టాడు. నీళ్ళు ఎవరికమ్మా అంటే గొడ్లకంది. ఇంత మంచి నీళ్ళు ఇసుకలో పోయడం అతనికి నచ్చలేదు. అయినా ఆమె మొహం చూసి గొట్టం విప్పాడు. రెండు రోజులూ మధ్యాహ్నాలు ట్యాంకరు వచ్చింది, పోయింది. రెండో రోజు పొద్దు వాలేసరికి పై మడుగులో నీళ్ళు నిలబడ్డాయి. ఆకాశం అందులో కనబడింది. అమరావతి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని గట్టున కూర్చుని ఆ నీళ్ళని చూసుకుంది. పసుపు చీర ఇస్త్రీ చేయించి పెట్టింది.

జాతర పొద్దున పలకలు మోగకముందే దిబ్బెక్కింది. మడుగులో నీళ్ళు లేవు. ఇసుక తడిగా, చల్లగా, ముఖం కడుక్కున్న మనిషిలా ఉంది. ఆమెకి మొదట కోపం కూడా రాలేదు. కాళ్ళు వాటంతటవే ఆమెని దిబ్బ మీదికి తీసుకుపోయాయి. పై నుంచి చూస్తే వాణి మడుగు. వాణి రోజూ బట్టలు ఉతికే నల్లబండ నిన్నటిదాకా నీళ్ళకి పైన ఉండేది. ఇప్పుడు కనబడలేదు. నీళ్ళ కింద ఉంది.

లింగప్ప వచ్చాడు, పలకల వాళ్ళు వచ్చారు, ఊరు వచ్చింది. మునిగిన బండని ఒకరికొకరు చూపించుకున్నారు. తరవాత లింగప్ప రెండు చేతులూ ఎత్తాడు. నడి వేసవిలో, వాన చుక్క లేకుండా, జాతర పూట నీళ్ళు పెరిగాయంటే గంగమ్మ నడిచొచ్చినట్టే అన్నాడు. ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు. ముసలి రత్నమ్మ అక్కడికక్కడే వాణి కాళ్ళ మీద పడింది. వాణి గాభరాగా వెనక్కి జరిగింది.

బిందెని తలకెత్తడానికి ఇంకో ఆనవాయితీ ఉంది. పోయిన ఏడు మోసిన ఆమే ఈ ఏడు మోసే ఆమెకి నింపి ఎత్తిపెట్టాలి. అమరావతి మడుగులోకి దిగింది. దిగీ దిగగానే కాలు చీలమండ దాకా నల్లటి జిగటమన్నులో దిగబడింది. మన్ను మెత్తగా, చల్లగా, వదలకుండా పట్టుకుంది. బిందె ముంచుతూ ఆమె ఆగిపోయింది. ఆ మన్ను ఆమెకి తెలుసు. అదే రంగు, అదే వాసన. తన మడుగు అడుగు నుంచి తోడించి టమాటా తోటకి తోలించింది ఈ మన్నే. చట్టి అడుగున చిల్లి పెట్టుకుని, నీళ్ళు యాడికి పోతాండాయని నెలల తరబడి పక్కింటికేసి చూసింది తను. దిబ్బలో గొట్టం ఎవరూ పాతలేదు. దిబ్బంతా గొట్టమే.

బిందె నిండింది. అందులో ఉన్నది శంకరప్ప ట్యాంకరు నీళ్ళు, తను తెప్పించిన నీళ్ళు. ఆ బిందెని తన చేతులతోనే ఎత్తి వాణి తల మీద పెట్టింది. పలకలు మోగాయి. ఊరంతా వాణి కాళ్ళ మీద నీళ్ళు పోస్తుంటే వెనక నడుస్తూ అమరావతి తన కాలికంటిన మన్నుని దారి పొడవునా రుద్దుకుంది. అది పోలేదు.

నోరు విప్పితే అది ట్యాంకరు నీళ్ళని చెప్పాలి. చెప్తే వాణి మర్యాద పోతుంది నిజమే. దాంతోబాటు తన మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. అందుకని మింగి ఊరుకుంది. మింగింది లోపల అరగలేదు.

జాతర అయిన కొన్నాళ్ళకి ఒక కబురు తెలిసింది. గంగమ్మ నడిచొచ్చిన మడుగుని ఇలా రొచ్చుగా ఉంచడం పాపమని నలుగురూ అన్నారట. దామోదర్ జేసీబీ మాట్లాడాడట. వదిన వాళ్ళ మడుగు మాదిరి అడుగంతా తోడించి శుభ్రం చేయిస్తానని రవిశంకర్‌తో చెప్పి, ఏ డ్రైవరు బాగా చేశాడో కూడా అడిగి పోయాడు.

ఆ రాత్రి అమరావతికి కంటి నిండా నిద్ర పట్టింది. చాలా నెలల తరవాత పట్టిన నిద్ర అది. ఆమె చేయాల్సింది ఏమీ లేదు. నోరు మూసుకుంటే చాలు. వచ్చే మాఘానికి వాణి మడుగు కూడా తెల్లటి ఇసుక తేలుతుంది. కొంగలు దాన్ని కూడా దాటిపోతాయి. అద్దం మాదిరి ఉందే అని పోయి చెప్పి రావాలనుకుంది. ఆ మాట రెండు మూడు సార్లు నోట్లోనే తిప్పి చూసుకుంది. తీయగా ఉంది.

జేసీబీ వచ్చే రోజు పొద్దున పాలకేంద్రం దగ్గర వరలక్ష్మి కలిసింది. మాటల్లేని ఇంటామె తనంతట తానే నవ్వి పలకరించింది. చేతిలో సంచి బరువుగా ఉంది. ఏమిటని అమరావతి అడగలేదు, ఆమే విప్పి చూపించింది. కొత్త ఇత్తడి బిందె. పుంగనూరులో కొన్నదట. ఎండ పడితే కళ్ళు చెదిరేట్టు మెరుస్తోంది.

"ఇంట్లో ఉండనీలే అని కొన్నా" అంది వరలక్ష్మి. "మొన్న జాతరప్పుడు మా మడుగులో కూడా రెండు వేళ్ళు నీళ్ళు పెరిగిండాయి మే. గంగమ్మ కిందికి దిగొస్తాండాదేమో, ఎవరికి తెలుసు."

అమరావతి కళ్ళ ముందు దిబ్బలు మెట్లు మెట్లుగా కనబడ్డాయి. తన మడుగు చిల్లి పడితే నీళ్ళు వాణికి. వాణిది చిల్లి పడితే వరలక్ష్మికి. పసుపు చీరలో వరలక్ష్మి. ఆ కొత్త బిందెని వాణి నింపి ఎత్తిపెట్టడం. వరలక్ష్మి కాళ్ళ మీద తను నీళ్ళు పోసి దండం పెట్టడం. తిమ్మక్క బతికుంటే ఆ రోజే చచ్చేది.

పాలచెంబు అక్కడే పెట్టి నడిచింది. నడక కాదది, పరుగు. జేసీబీ అప్పటికే గట్టు దిగి, ముందు చెయ్యి చాచి ఉంది. దామోదర్ చెయ్యి ఊపుతూ ఎక్కడ మొదలుపెట్టాలో చూపిస్తున్నాడు. అమరావతి చెప్పులతోనే మడుగులోకి దిగి, రొచ్చులో మోకాళ్ళ దాకా కూరుకుని, ఆ ఇనప చెయ్యి కింద నిలబడింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"ఈ మన్ను ముట్టొద్దు" అంది.

దామోదర్‌కి అర్థం కాలేదు. యాల వదినా, మీరు చేయించుకోలేదా అన్నాడు.

"చేయించుకున్నా గాబట్టే సెప్తాండా. ఈ మన్నే నీళ్ళని పట్టుకోనుండేది. ఇది ఎత్తేస్తే కింద అంతా ఇసకే. పోసింది పోసినట్టే కిందికి పోతాది. నా మడుగు సూసినారు గదా, ఇంకేం గావాల."

దామోదర్ కాసేపు బుర్ర గోక్కుని, డ్రైవరుతో పక్కకి పోయి మాట్లాడాడు. బండి వెనక్కి తిరిగింది. వాణి గట్టు మీద నుంచి దిగి వచ్చి అమరావతికి చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకోక తప్పలేదు. లేకపోతే బయటపడే దారి లేదు. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది.

వాణి ఆమె కాళ్ళకి నీళ్ళు పోస్తూ, ఎవరికీ వినబడకుండా అంది. "శంకరప్పది మా పుట్టింటూరు శాంతిపురమే అక్కా. నీళ్ళు తోలినాక మా ఇంటికొచ్చి మజ్జిగ తాగిపోయినాడు."

అమరావతి తలెత్తింది. వాణి నవ్వడం లేదు. నవ్వు ఆపుకుంటోంది.

"తెలిసీ మోసినావా మే?"

"నువ్వు ఎత్తిపెడతాంటే యాల దించుకుంటా?" అంది వాణి. "ఎన్నేండ్లు నీ ఎనకాల నడిసినా నేను. నాకు మాత్రం ఉండదా ఆశ."

ఇన్నేళ్ళూ జాతరలో తన వీపు వెనక ఎవరో నడుస్తున్నారని, ఆ మనిషికీ రెండు కళ్ళుంటాయని అమరావతికి ఎప్పుడూ తోచలేదు. తోచినందుకు వాణి మీద ఇంకొంచెం కోపం వచ్చింది. అయినా వరలక్ష్మి కొత్త బిందె కొన్న సంగతి వాణికి చెప్పింది. వాణి పోస్తున్న చెంబు ఆగిపోయింది. ఇద్దరూ ఒకసారి కింది దిబ్బ వైపు చూశారు.

ఆ తరవాతి పని గబగబా జరిగింది. టమాటా తోటలో మిగిలిన నల్లమన్నంతా గంపలతో వెనక్కి మోయించారు. చాలనిదానికి ఎండిన చెరువులో బంకమన్ను తవ్వి తెచ్చి పై మడుగు అడుగున పరిచారు. అమరావతి ముళ్ళకంచె తనే పీకేసింది. మొదటి జల్లు పడి మన్ను నానగానే తన ఆవుల్ని అందులోకి తోలింది. వాణి కూడా తనవి తోలుకొచ్చింది. అడుగున ఇసుక మూసుకుపోయేట్టు అవి పొద్దంతా తొక్కాయి. పేడ వేశాయి, మళ్ళీ తొక్కాయి. ఏ ఆవు ఎంత గట్టిగా తొక్కుతోందో అమరావతి గమనిస్తూనే ఉంది. వాణి ఆవులు సోమరివి అనిపించింది. ఆ మాట అనలేదు.

కార్తీకంలో తుఫాను వానలు పట్టుకున్నాయి. దిబ్బలు తాగినంత తాగాయి. పై మడుగు మెల్లగా, మురికిగా, పచ్చగా నిండింది. అమరావతి దాని గట్టున ఒక కర్ర పాతింది, నీళ్ళు ఎక్కడికి వచ్చాయో చూసుకోవడానికి. వాణి మడుగులో కూడా ఒకటి పాతొచ్చింది, ఎవరూ అడక్కుండానే. రోజూ రెండూ చూసేది. మాఘం వచ్చింది, పోయింది. తన కర్ర దగ్గర తడి గీత దిగలేదు.

ఒక పొద్దున పాలచెంబుతో దొడ్లో నిలబడి ఉండగా కొంగలు వచ్చాయి. మందంతా దిబ్బ దాటి అటే పోయింది. ఒక్కటి మాత్రం వెనకబడి, గాల్లో కాస్త ఆగి, పై మడుగు గట్టున దిగింది. అమరావతి దాన్ని చూడలేదు. వాణి వాకిలి వైపు చూసింది, వాణి చూసిందో లేదోనని.